మా ఆయన పడవ, నా తుమ్ము

మా ఆయన జీవితంలో తలపెట్టిన పెద్ద పని ఒకే ఒక్కటి. ఆ పనిని నేను తుమ్మి ఆపాను. ఒకసారి ఆపి ఊరుకోలేదు, ఆయన తలపెట్టినప్పుడల్లా ఆపాను. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. వరండాలో కూర్చున్న మగాళ్ళకి మాటలున్నాయి, పంచాంగం ఉంది, కట్టుబాట్లున్నాయి. తలుపు వెనక నిలబడ్డ నాకు ఉన్నదల్లా ముక్కు. దాన్నే వాడుకున్నాను.

డెబ్భైల చివర్లో మాట. మా ఆయన విశాఖపట్నం పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. పోర్టు క్వార్టర్స్‌లో రెండు గదులు, ఓ వరండా, వెనక చిన్న పెరడు, అందులో నేను, ఆయన, మా అత్తగారు. నేను కోనసీమ పిల్లని. మా నాన్నకి కాలవ మీద సరుకు పడవ ఉండేది. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు వేసుకుని వెళ్ళేవాళ్ళం. వంట పడవలోనే, నిద్ర పడవలోనే. నేను నడవడం కంటే ముందు గడ పట్టుకున్నానని మా అమ్మ అందరితో చెప్పేది. అలాంటి దాన్ని విశాఖపట్నం సంబంధం అనగానే ఎగిరి గంతేశాను. కాలవ పోతే పోయింది, సముద్రమే దొరికిందనుకున్నాను.

దొరికిందేమిటంటే, ఆదివారం సాయంత్రం బీచికి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు పట్టుకుని పాదాలు తడుపుకుని, బఠాణీలు తిని ఇంటికి రావడం. పాయసం గిన్నె ముందు కూర్చోబెట్టి వాసన చూసి లేవమన్నట్టుండేది నాకు. ఒక్కసారి పడవ ఎక్కించండి అని మా ఆయన్ని అడిగితే, "ఆ, చూద్దాంలే" అనేవాడు. పెళ్ళైన కొత్తలో ఆ మాటని నమ్మాను కూడా.

ఇలా ఉండగా హార్బర్లోకి ఎవరో తెల్లవాళ్ళ చిన్న తెరచాప పడవ ఒకటి చుక్కాని విరిగి వచ్చింది. దాన్ని బాగుచెయ్యడానికి మా ఆయన్ని పంపారు. ఆ రోజు ఇంటికొచ్చిన మనిషి చొక్కా విప్పకుండానే మొదలెట్టాడు. వాళ్ళు చేపలు పట్టరట, సరుకు వెయ్యరట, ఊరికే తిరుగుతారట. సాయంత్రానికి ఏదో ఒక ఒడ్డున దిగి, గుడారం వేసుకుని, వండుకుని తిని పడుకుని, తెల్లారి మళ్ళీ తెరచాప ఎత్తుతారట.

"వాళ్ళంటే ఎవరెవరండీ?" అని అడిగాను.

"మొగుడూ పెళ్ళామూ. ఆవిడే తెడ్డు వేస్తోంది, చూడాలి!"

"మరి నేనూ వేస్తాను కదండీ?"

"వాళ్ళు వేరు" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి కూరలో ఉప్పు పడలేదు.

ఆయన ఆ పిచ్చిలో పూర్తిగా పడిపోయాడు. ఓ పాత ఓడ మీంచి పనికిరావని దించేసిన రెండు చిన్న చెక్క పడవలు వర్క్‌షాపు వెనక పడి ఉంటే, వేలంలో మరో ముగ్గురితో కలిసి కొన్నాడు. తెడ్లతో నడవాలి, గాలి ఉంటే తెరచాప ఎత్తాలి, అలాంటివి. శివరాత్రి వెళ్ళి దక్షిణపు గాలి కుదురుకున్నాక జాలరిపేట ఒడ్డు నుంచి బయల్దేరాలి. మొదటి మజిలీ భీమిలి, తర్వాత ముక్కాం, ఆ తర్వాత కోనాడ. రాత్రుళ్ళు ఇసకలో టార్పాలిన్ గుడారాలు. తిరుగు ప్రయాణంలో పడవల్ని లారీకెక్కించి తేవాలి. ఇదీ ప్లాను.

మా అత్తగారికి ఈ ప్లాను ఎంత చెప్పినా అర్థం కాలేదు. ఆవిడ జాలరిపేటలో పుట్టిన మనిషి, తండ్రిది తెప్ప. మామగారు పోర్టు ఉద్యోగంలోకి రావడంతో క్వార్టర్స్‌కి వచ్చింది.

"వలెయ్యవా?" అని అడిగింది కొడుకుని.

"వెయ్యనమ్మా."

"గేలమేత్తావా?"

"వెయ్యను."

"మరేటి సేత్తావురా సముద్రం మీద?"

"సరదాకమ్మా."

"సరదాకి సముద్రం మీదకేటి! మీ తాత బతికుంటే తెడ్డట్టుకుని కొట్టును" అని లేచి పెరట్లోకి పోయింది.

ఆవిడ పెరట్లోకి పోవడం గురించి ఒక మాట చెప్పాలి. మామగారు పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరు బయటికి బయల్దేరుతున్నా ఆవిడ తనంతట తానే పెరట్లోకి వెళ్ళిపోయేది, ఎదురు రాకూడదని. మా ఆయన రోజూ డ్యూటీకి వెళ్ళే వేళకి ఆవిడకి నూతి దగ్గర ఏదో పని ఉండేది. నాకు ఒళ్ళు మండేది. వండిపెట్టిన చేతికి లేని దోషం మొహానికి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే, "ఒగ్గీవే గుంటా, నీకు తెలీదు" అనేది. మా ఆయనకి చెబితే ఆయనా బాధపడేవాడు, సైకిలెక్కి వెళ్ళిపోయేవాడు.

సరే, ప్లాను సంగతికొస్తాను. ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే మా వరండాలో నలుగురు చేరేవారు. మా ఆయన ఒకరు. రెండోవాడు మా ఆడపడుచు భర్త, కంచరపాలెంలో కాపురం, పోర్టు లాంచీ నడిపే సరంగు. మా ఆయనకి బావ, నాకు అన్నయ్య. నలుగురిలో సముద్రం మీద తిరిగినవాడు ఆయనొక్కడే కాబట్టి చివరి మాట ఆయనది. మూడో ఆయన పాత ఊళ్ళో టార్పాలిన్లు, తెరచాపలు కుట్టే సాయిబు గారు, అందరికీ భాయ్. నాలుగో ఆయన స్టోర్సులో గుమాస్తా, కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాడు. ఆయన చంకలో పంచాంగం లేకుండా నేనెప్పుడూ చూడలేదు. స్టోర్సులో మేకు ఇవ్వాలన్నా వర్జ్యం చూసి ఇస్తాడని మా ఆయన చెప్పేవాడు.

పడవలకి ఇంకా చిల్లులు పూడలేదు. అప్పుడే ముక్కాంలో పులుసు ఎవరు పెట్టాలని గొడవ. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉండేది వ్యవహారం. కిరసనాయిలు స్టవ్వా, మూడు రాళ్ళ పొయ్యా అని ఒక ఆదివారం. ఆవకాయ జాడీ పడవ ముందు భాగంలో ఉండాలా వెనకా అని ఇంకో ఆదివారం. గుమాస్తాగారు శాకాహారి కనక ఆయన గిన్నెలు ఏ పడవలో ఉండాలి, చేపల గిన్నె ఉన్న పడవ గాలివాటున పైన పోవాలా కింద పోవాలా అని మరో రెండు ఆదివారాలు. నేను టీలు అందిస్తూ, పకోడీలు వేస్తూ అన్నీ వింటూ ఉండేదాన్ని.

మా ఆయన వరండా గచ్చు మీద సుద్దముక్కతో రెండు పడవలూ గీసేవాడు. ఎవరెక్కడ కూర్చోవాలో సున్నాలు చుట్టేవాడు. సోమవారం పొద్దున్న తుడిచే ముందు నేను అందులో ఇంకో సున్నా చుట్టేదాన్ని. ఆయన చూసి చెరిపేసేవాడు. మర్నాడు మళ్ళీ చుట్టేదాన్ని. చివరికి ఒకరోజు నలుగురి ముందే అడిగేశాను, నేనూ వస్తానని.

అన్నయ్య టీ గ్లాసు కింద పెట్టి, "సెల్లెమ్మా, ఏటనుకోకు. ఆడకూతురు పడవెక్కకూడదు. గంగమ్మకి కోపమొత్తాది. మా తాతల కాడ్నించీ ఉన్న కట్టుబాటు" అన్నాడు.

"మా వైపు పడవల్లో పురుళ్ళు కూడా పోసుకుంటారండి అన్నయ్యా. ఏ గంగమ్మా ఏమీ అనలేదు."

"మీది కాలవ. ఇది సముద్రం."

మా ఆయన ఏమంటాడా అని చూశాను. ఆయన సుద్దముక్క వంక చూస్తున్నాడు. లోపలికొచ్చి పకోడీల మూకుడు దించేశాను. ఆ పూట ఎవరికీ రెండో వాయి అందలేదు. నాకు ఏడుపొచ్చింది, దాంతోపాటు కోపమూ వచ్చింది.

మొదటి తుమ్ము నిజం తుమ్మే. ఆ పై ఆదివారం గుమాస్తాగారు పంచాంగం తిరగేసి, "ఫాల్గుణంలో ఈ గురువారం దివ్యంగా ఉందండీ, తెల్లవారుజామున బయల్దేరదాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే నేను వంటింట్లో చారు పోపు వేస్తున్నాను. ఎండుమిరపకాయ మాడింది. ఒక్కటంటే ఒక్క తుమ్ము వరండా దాకా వినపడేలా తుమ్మాను.

తొంగి చూస్తే నలుగురూ కుక్కిన పేనుల్లా కూర్చున్నారు.

"ఒంటి తుమ్మండీ" అన్నాడు గుమాస్తాగారు.

"తుమ్ము తమ్ముడై చెప్పును అన్నారు" అని అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "గురువారం వొద్దు బావా. గంగమ్మ వొద్దంతంది."

ముల్లుని ముల్లుతోనే తియ్యాలంటారు. ఆ ముల్లు నా ముక్కులోనే ఉందని అంతవరకూ నాకు తెలియలేదు.

ఇంక చూడండి. కొంగు కొసని సన్నగా మెలేసి వత్తిలా చేసి ముక్కులో తిప్పితే తుమ్ము ఎంతలో వస్తుందో సాధన చేశాను. వాళ్ళు కబుర్లు చెప్పుకుంటున్నంతసేపూ ఊరుకునేదాన్ని. స్టవ్వు గురించి కొట్టుకుంటే ఊరుకునేదాన్ని. పంచాంగం తెరిచిన చప్పుడు వినపడగానే తలుపు వెనక్కి చేరేదాన్ని. "ఈ శుక్రవారం..." హాచ్. "పోనీ ఆదివారం పుష్యమి..." హాచ్. గుమాస్తాగారి మొహం చూస్తే జాలేసేది. తిథి, వారం, నక్షత్రం అన్నీ కుదిర్చి తెచ్చిన మనిషి అలా పుస్తకం మూసేస్తుంటే, వెళ్ళి ఇంకో కప్పు టీ ఇచ్చేదాన్ని.

ఒకసారి కొంప మునిగింది. కొంగు కాస్త లోపలికి పోయి, ఒకటి తుమ్మిన వెంటనే నా ప్రమేయం లేకుండా రెండోది వచ్చేసింది.

"రెండు! రెండు తుమ్ములు! శుభం!" అని గుమాస్తాగారు గోడకి ఆనుకున్నవాడు నిటారుగా లేచాడు. మా ఆయన చప్పట్లు కొట్టాడు. అన్నయ్య అప్పుడే లారీ వాడికి కబురు చేస్తానన్నాడు. ఏమైతే అయిందని మళ్ళీ కొంగు తిప్పి మూడోది తుమ్మాను. అంతే, మూడో తుమ్ము లెక్కలోకి వస్తుందా, రాదా, వస్తే అది మొదటి రెంటినీ కొట్టేస్తుందా, కొత్త ఒంటి తుమ్ము కింద జమా అని ఆ నలుగురూ దీపాలు పెట్టే వేళ దాకా వాదించుకున్నారు. తేలలేదు. తేలలేదు కాబట్టి ప్రయాణమూ లేదు.

మా ఆయనకి అనుమానం రాకపోలేదు. మొదట జలుబేమోనని తులసి కషాయం కాచి తాగించాడు. తర్వాత పోర్టు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు ముందు ఒక్క తుమ్మూ రాలేదు. దారిలో సైకిలాపి, "ఏమే, నువ్వు నిజం తుమ్మే తుమ్ముతున్నావా?" అని అడిగాడు.

"అబద్ధం తుమ్ము ఉంటుందాండీ ఎక్కడైనా?" అన్నాను. ఆయన మళ్ళీ సైకిలెక్కాడు. ఆ తర్వాతి ఆదివారం మీటింగు మా వరండాలో జరగలేదు, పాత ఊళ్ళో భాయ్ కొట్టుకి మార్చేశాడు.

నేను వదిలేస్తానా? గుడారాలకి పాత చీరలు కావాలన్నారని ఒక వంక పెట్టుకుని, మూట కట్టుకుని వెళ్ళాను. కొట్టు నిండా కాన్వాసు గుడ్డ పరిచి ఉంది. భాయ్ చేతికి తోలు తొడుగు వేసుకుని పెద్ద సూదితో తెరచాప అంచు కుడుతున్నాడు. మిగతా ముగ్గురూ గుడ్డ మీదే బాసీపట్లేసుకుని కూర్చున్నారు, గుమాస్తాగారి ఒళ్ళో పంచాంగం తెరిచి ఉంది. నన్ను చూసి మా ఆయన మొహం పాలిపోయింది. దేవుడి మీద ఒట్టు, ఆ రోజు నేనేమీ తలపెట్టలేదు. కాన్వాసు దుమ్ము ముక్కుకెక్కి తుమ్మొచ్చింది. ఒక్కటే.

గుమాస్తాగారు పంచాంగం మూసి కళ్ళు కూడా మూసుకున్నాడు. భాయ్ మాత్రం సూది గుడ్డలో గుచ్చి, "అల్‌హందులిల్లా అను బేటీ" అన్నాడు నాతో.

"ఎందుకండీ?"

"తుమ్మితే అల్లాకి శుక్రియా సెప్పుకోవాల. మా కాడ తుమ్ము మంచిది. మీ కాడే ఏటో కర్ఫ్యూ పెట్టినట్టు ఆగిపోతారు."

ఉన్న ఒక్క ఆయుధమూ ఈయన లాగేసుకునేలా ఉన్నాడే అనుకున్నాను. భాయ్ నన్ను కాసేపు చూశాడు, మా ఆయన్ని చూశాడు, గడ్డం గోక్కుంటూ కిసుక్కున నవ్వాడు.

"తమ్ముడూ, మీ ఇంట్లో ఉన్నది జలుబు కాదు. ఆమెకి సీటు కావాల. సీటిచ్చీ, ముక్కు బాగైపోద్ది."

"నాదేముంది భాయ్" అన్నాడు మా ఆయన నెమ్మదిగా. "నాకు ఇవ్వాలనే ఉంది. కట్టుబాటు బావది."

ఆ మాట నేనంతవరకూ ఆయన నోట వినలేదు. ఆయన మీద ఉన్న కోపంలో సగం అక్కడే కరిగిపోయింది. మిగతా సగం దాచుకున్నాను, అవసరపడుతుందని.

అన్నయ్య ఇరుకున పడ్డాడు. "నాను తీసీగల్నేటి బావా ఆ కట్టుబాటు? పెద్దోళ్ళు సెప్పాల" అన్నాడు. జాలరిపేట పెద్దవాళ్ళలో మాకు దగ్గరున్నది మా అత్తగారే. నలుగురూ, వాళ్ళతో నేనూ రిక్షాలు కట్టించుకుని మా ఇంటికొచ్చాం.

ఆవిడ వరండాలో చేట ముందేసుకుని ఎండు నెత్తళ్ళ చేపలకి తలలు తుంచుతోంది. అన్నయ్య చేతులు కట్టుకుని సంగతంతా చెప్పాడు. ఆవిడ తలెత్తలేదు.

"పడవలో వలుందేటి?"

"నేదత్తా."

"మీరు ఏటకి ఎల్తన్నారేటి?"

"నేదు."

"మరది సేపల పడవెలాగవుద్దిరా? రిచ్చా లాటిది. రిచ్చాలో ఆడోళ్ళు ఎక్కరేటి?"

"అత్తా, నువ్వే అలగంతే..."

"నానే అంతన్నాను" అని ఇంకో నెత్తడి తల తుంచింది. "వలున్న పడవకే ఆ కట్టుబాటు. వల్లేని పడవలో ఎవులెక్కినా గంగమ్మకేటి పోయింది."

నేను పరుగున వెళ్ళి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను. "లెగు లెగు, సేపల కంపు" అంది గానీ నా వంక చూడలేదు. చేట పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. నా సంతోషంలో నేనుండి అప్పుడు పట్టించుకోలేదు. మా ఆయన సుద్దముక్క తీసి, తన సున్నా పక్కన తన చేత్తోనే నా సున్నా చుట్టాడు. గుమాస్తాగారు పంచాంగం తెరిచి నా వంక భయంభయంగా చూస్తూ ఒక బుధవారం చెప్పాడు. నేను ముక్కు గట్టిగా మూసుకుని నిలబడ్డాను.

ఆ మిగిలిన రోజులు ఎలా గడిచాయో నాకు తెలియదు. చేగోడీలూ జంతికలూ చేశాను, డబ్బాలకి మూతలు బిగించాను. అత్తగారు రోజూ వచ్చి, నీళ్ళ బిందెలెన్ని, గుడారం గుడ్డ ఎంత మందం, రాత్రుళ్ళు ఇసకలో చలెయ్యదా అని అడిగేది. మా మీద బెంగ కాబోలనుకుని ఓపిగ్గా చెప్పేదాన్ని.

బుధవారం తెల్లవారుతుండగా జాలరిపేట ఒడ్డుకి చేరాం. పేటలో సగం మంది వచ్చేశారు, వల లేకుండా సముద్రం మీదకి వెళ్ళే పిచ్చివాళ్ళని చూడటానికి. పడవలకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. రెండో పడవలో భాయ్, గుమాస్తాగారు, తెడ్లు వెయ్యడానికి అన్నయ్య తమ్ముళ్ళిద్దరూ ఎక్కారు. మొదటి పడవలో అన్నయ్య, మా ఆయన, నేను, గుడారాలు, బిందెలు, స్టవ్వూ, ఆవకాయ జాడీ. ఇంక పిల్లి కూడా పట్టదు. చెక్క మీద కూర్చోగానే కింద నీళ్ళు కదిలిన కదలిక నా ఒంటికి తెలిసింది. మా నాన్న గుర్తొచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాను.

అత్తగారు కూడా ఒడ్డుకి వచ్చింది గానీ ముందుకి రాలేదు. బయల్దేరే వాళ్ళకి ఎదురు పడకుండా దూరంగా, బోర్లించిన తెప్ప వెనక నిలబడింది. పడవల్ని తొయ్యడానికి పేటవాళ్ళు భుజాలు ఆనించారు. అన్నయ్య "గంగమ్మ తల్లీ" అని చెయ్యెత్తాడు.

హాచ్.

అందరూ నా వంకే చూశారు. "నేను కాదు! మా నాన్న మీద ఒట్టు, నేను కాదండీ!" అని రెండు చేతులూ పైకెత్తాను. రెండో పడవలోంచి గుమాస్తాగారు, "మళ్ళీనా తల్లీ" అని ఏడుపు గొంతుతో అన్నాడు.

తెప్ప వెనక నుంచి మా అత్తగారు బయటికి వచ్చింది. తిన్నగా మా కేసి నడిచి వస్తోంది. బయల్దేరే మనిషికి ఆవిడ ఎదురు రావడం నేను కాపురానికి వచ్చాక చూడటం అదే మొదలు. చంకలో చిన్న గుడ్డ మూట ఉంది. ఆ తుమ్ము ఎలాంటిదో నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. నీళ్ళ బిందెల గురించి ఎందుకడిగిందో, గుడారం మందం ఎందుకడిగిందో అప్పుడు వెలిగింది.

"అమ్మగారూ, ఎదురు... ఎదురు రాకండి" అన్నాడు గుమాస్తాగారు.

"ఎదురొత్తే గదా బాబూ దోసం?" అంది ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి. "నాను ఎదురొత్తన్నానేటి? మీ కూడా పడవలో వొత్తన్నాను."

దీనికి పంచాంగంలో జవాబు లేదు. అన్నయ్య తల గోక్కుని, "అత్తా, పడవ బరువు మొయ్యదు. ఒకరు దిగాల" అన్నాడు. నేను లేవబోయాను. నిజంగానే లేవబోయాను. మా ఆయన నా భుజం పట్టి కూర్చోబెట్టి, ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. ఇన్ని నెలలుగా గచ్చంతా సుద్దముక్కలరగదీసిన మనిషి. నాకు ఆయన మీద దాచుకున్న మిగతా సగం కోపమూ ఎటు పోయిందో తెలియదు.

"ఎక్కమ్మా. నేను భీమిలి బస్సుకి వస్తాను. అక్కణ్ణించి నేనెక్కుతాను" అన్నాడు పాపం. భీమిలిలో ఆవిడ దిగితే కదా. ఆ ప్రయాణమంతా మా ఆయన బస్సుల్లోనే చేశాడు. ప్రతి మజిలీలో మాకంటే ముందే చేరి, ఇసకలో మూడు రాళ్ళు పెట్టి అన్నం వండి మా కోసం చూస్తూ కూర్చున్నాడు. రోజూ మాడింది.

కొడుకు చెయ్యి పట్టుకుని ఆవిడ ఎక్కింది, నా పక్కన కూర్చుంది. "ఒంటి తుమ్ము మీద ఎలా బయల్దేరతామండీ" అని గుమాస్తాగారు ఇంకా గొణుగుతున్నాడు. ఆవిడ కొంగు ముక్కుకి పెట్టుకుని వెంటనే రెండోది కూడా తుమ్మేసింది. "ఇదుగో, రెండు. పదండి" అంది.

కెరటాలు దాటేదాకా నా చెయ్యి వదల్లేదు. దాటాక తెరచాప ఎత్తారు, గాలి పట్టింది. గొప్ప పడవ పిల్లనని చెప్పుకున్న నాకు అప్పుడు తెలిసింది, కాలవ నీళ్ళు వేరు, ఇవి వేరు. పక్కకి వంగి పొద్దున తిన్నదంతా గంగమ్మకి అప్పగించాను. ఆవిడ నా వీపు రాస్తూ, మూతి తుడుస్తూ, ఒడ్డు వైపే తిరిగి కూర్చుంది. యారాడ కొండ, లైట్‌హౌసు, పేటలో ఇళ్ళు, అన్నీ నెమ్మదిగా చిన్నవైపోతున్నాయి.

"మా అయ్య తెప్పకి నూనె రాసినాను. వల అల్లినాను. రోజూ ఒడ్డున నిలబడి సెయ్యూపీదాన్ని" అంది. "అయ్య తిరిగి ఊపీవోడు కాడు. కోపమొచ్చీది నాకు. ఇదుగో సూడు, అక్కడోళ్ళు సీమల్లాగున్నారు. అయ్యకి నాను అవుపడితే గదా."

ఆ మాట విని నాకు కడుపులో తిప్పడం కూడా మర్చిపోయి ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు. ఒడ్డున ఒక చీమ తెల్ల తువ్వాలు ఊపుతోంది. ఆవిడ లేచి నిలబడబోతే నేను నడుం పట్టుకున్నాను. మూట నా ఒళ్ళో పడేసి, రెండు చేతులూ బారజాపి ఊపింది.

"అవుపడతన్నావురా నాయినా!" అని అరిచింది. "ఇంక ఎల్రా, బస్సు తప్పిపోద్ది!"

ఆయనకి వినపడలేదు. అక్కడే నిలబడి తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు.